కల్లం దాకా వినపడ్డ సినిమా

ఊళ్ళో సినిమా వేస్తానని శ్రీదివ్య చెప్పగానే బుల్లయ్య తాత అడిగిన మొదటి మాట, ఫైటింగులు ఉంటాయా అని.

"ఉండవు తాతా. యుద్ధం రోజుల్లో యూదుల్ని పట్టుకుపోయి చంపేస్తుంటే, ఒక పిల్లా వాళ్ళ ఇంటోళ్ళూ ఒక ఆఫీసు వెనకున్న గదుల్లో దాక్కుంటారు. రెండేళ్ళు బయటికి రారు. ఆ పిల్ల అక్కడే కూర్చుని డైరీ రాసుద్ది. దాన్నే సినిమాగా తీశారు."

"రెండేళ్ళు గదిలో కూర్చోటమే సినిమానా? మీ మామ్మతో నలభయ్యేళ్ళ నుంచి ఒకే గదిలో ఉంటన్నా. నా మీద తీయమను, ఫైటింగులు కూడా ఉంటయ్యి."

టీ కొట్టు దగ్గరున్న వాళ్ళంతా నవ్వారు. శ్రీదివ్య కూడా నవ్వి, తాత పేరు రాసుకుంది.

ఆమె యూనివర్సిటీలో ఎం.ఏ. జర్నలిజం ఆఖరి సంవత్సరం చదువుతోంది. ఆ డైరీ మీద వేర్వేరు కాలాల్లో వచ్చిన రెండు సినిమాలు పల్లెటూరివాళ్ళకు చూపించి, వాళ్ళు ఎక్కడ నవ్వారో, ఎక్కడ ఏడ్చారో, ఏమన్నారో రాసుకురావాలి. అదీ ప్రాజెక్టు. ఆ విషయం ఆమె కోరుకున్నది కాదు, మేడమ్ ఇచ్చింది. ఇచ్చిన పని చెప్పినట్టు చేయడం ఆమెకు చిన్నప్పటి నుంచీ ఉన్న గుణం. వాళ్ళ ఇంట్లో పదో తరగతి దాటిన మొదటి మనిషి ఆమే. తెల్లవారుజామున మిరపకాయలకు ముచ్చికలు తీసి, ఎన్నిసార్లు కడుక్కున్నా చేతుల మంట పోక, కళ్ళు నులుముకోకుండా పరీక్షలు రాసిన పిల్ల. మేడమ్ ఒక నియమం మరీ మరీ చెప్పింది. మొదటి సినిమా చూసినవాళ్ళే రెండోదీ చూడాలి. మనుషులు మారితే పోలిక చెల్లదు.

ఎండలు ముదిరాయి. కాయలన్నీ టిక్కీ గోతాలకెత్తి కోల్డ్ స్టోరేజీకి తోలేశారు. కల్లాలు ఖాళీ అయ్యాయి. మామూలుగా అయితే ఊరు కాళ్ళు చాపుకుని కూర్చునే రోజులు. ఆ ఏడు మాత్రం ఊళ్ళో ఎవరికీ మనసు మనసులో లేదు.

కోటేష్ చెల్లెలు భవ్య, మైకుసెట్టు అలీ సాహెబ్ కొడుకు ఇషాక్‌తో కలిసి ఇల్లు వదిలి వెళ్ళిపోయింది. ఇద్దరూ మేజర్లే. ఇద్దరి ఫోన్లూ ఆగిపోయాయి. కోటేష్ మనుషుల్ని వేసుకుని సింగరాయకొండ దాకా వెళ్ళి, అక్కడి రైల్వే స్టేషన్‌లో మకాం పెట్టి, ఒట్టి చేతులతో తిరిగొచ్చాడు. ఇషాక్‌కు అక్కడెవరో స్నేహితుడున్నాడని కోటేష్ నమ్మకం. అంతకుముందు ఊళ్ళో కోటేష్‌దే పెద్ద గొంతు. పొలంలోంచి పిలిస్తే బజారులో వినపడేది. తిరిగొచ్చిన దగ్గర్నుంచీ మెల్లగా మాట్లాడటం మొదలుపెట్టాడు. టీ కొట్టు దగ్గర అందరి ముందూ మెల్లగానే అన్నాడు, "దొరికితే పోలీసుల దాకా పోనివ్వను" అని. వాడు అరిచి ఉంటే ఎవరైనా సర్దిచెప్పేవాళ్ళు. అరవలేదు కాబట్టి అందరూ గ్లాసుల్లోకి చూసుకున్నారు.

ఆ వారంలోనే ఎవరో అలీ సాహెబ్ కొట్టు తలుపు విరగ్గొట్టి సౌండు బాక్సులన్నీ పగలగొట్టారు. ఎవరో ఊరందరికీ తెలుసు. ఎవరూ చెప్పలేదు. పెళ్ళిళ్ళ రోజులైనా ఆ తర్వాత ఆయన్ను పిలిచిన ఇల్లు లేదు. మిగిలినవల్లా డాబా మీదున్న రెండు గొట్టం మైకులు, ఒక ప్రొజెక్టరు.

"గొట్టాలు లోపల పెడితే చెవులు పోతాయమ్మా" అన్నాడు ఆయన, శ్రీదివ్య వెళ్ళి అడిగినప్పుడు. "షెడ్డు పైన కడతా. కాస్త ఊరికంతా వినపడిద్ది. పర్లేదా?"

"పర్లేదు సాయిబుగారూ."

"నువ్వన్నా పిలిచావు" అని ఆయన వైర్లు చుట్టుకోవడం మొదలుపెట్టాడు.

ఊరి చివర మిరపకాయల గ్రేడింగు షెడ్డు ఖాళీగా ఉంది. లోపల తెల్లగుడ్డ కట్టారు. పైన రేకుల మీద గొట్టాలు రెండూ పొలాల వైపు నోళ్ళు తెరుచుకుని నిలబడ్డాయి. పొద్దు గూకగానే జనం వచ్చారు. ఊడ్చి కడిగినా గోడల్లో ఘాటు పోలేదు. వచ్చినవాళ్ళు వచ్చినట్టు తుమ్ముతూ కూర్చున్నారు.

మొదటిది పాతది, నలుపూ తెలుపూ. మాటలు ఇంగ్లీషు. అందుకని శ్రీదివ్య తెర పక్కన మైకు పట్టుకుని నిలబడి కథ తెలుగులో చెబుతూ పోయింది. పగలంతా కింద ఆఫీసులో మనుషులు పనిచేస్తారు కాబట్టి పైన వీళ్ళు నడవకూడదు, దగ్గకూడదు, దొడ్లో నీళ్ళు పోయకూడదు అని చెప్పింది.

"అంతమందికీ ఒకటే దొడ్డా?" అన్నారు వెనక నుంచి.

"నీ ఇంట్లో మాత్రం ఎన్నున్నయ్యిరా?" అన్నాడు బుల్లయ్య తాత. నవ్వులు.

"మిరపకాయల కాడ దాక్కుంటే ఒక్కపూట. ఒక్క తుమ్ము చాలు" అని ఇంకొకరు. మళ్ళీ నవ్వులు. శ్రీదివ్య ఒక చేత్తో మైకు, ఒక చేత్తో పెన్ను పట్టుకుని సంతోషంగా రాసుకుంది. ఇలాంటివే కదా మేడమ్‌కు కావలసింది.

అప్పుడు పుల్లమ్మ మాట్లాడింది. పుల్లమ్మ శ్రీదివ్య వాళ్ళ పక్కింటావిడ. భర్త పోయాక మూడెకరాల మిరప ఒక్కతే చేసుకుంటుంది. ఊళ్ళో కుర్రకారు అంతటికీ పిన్ని.

"అది సరేనే దివ్యా. ఆ వంటా అదీ తెచ్చిపెట్టే ఆడమనిషి ఉందిగా, ఇంటోళ్ళు ఇద్దరైతే అంతమందికి సరిపడా కూరగాయలు కొంటంటే కొట్టువాడికి తెలీదా? ఆ బట్టలు ఎవరు ఉతికారు? ఎక్కడ ఆరేశారు?"

"అవన్నీ సినిమాలో ఎందుకు పిన్నీ?" అన్నారెవరో.

"మరేం చూపిస్తాడు? దాక్కున్నోడికి దాక్కోటమే పని. దాచినోడికేగా పనంతా."

జనం నవ్వారు. నవ్వని మనిషి ఒక్కడే. వెనక వరసలో గోడకు ఆనుకుని కోటేష్ కూర్చుని ఉన్నాడు. వాడు అంతసేపూ ఆడవాళ్ళ వరసలో ఇషాక్ తల్లి కరీమున్‌ను చూస్తున్నాడు. పుల్లమ్మ మాటతో తల ఇటు తిప్పాడు. శ్రీదివ్య కంటికి అది కూడా కనపడింది. కాని దాన్ని స్పందనల్లో ఎక్కడ రాయాలో తెలియక వదిలేసింది.

కథ చివరికొచ్చింది. పోలీసులు వచ్చి అందర్నీ పట్టుకుపోయారని, తండ్రి ఒక్కడే బతికి వచ్చాడని, ఆ పిల్ల క్యాంపులో జబ్బుచేసి చనిపోయిందని చెప్పింది. లైటు వేశాక, మేడమ్ రాసిచ్చిన ప్రశ్న చదివింది. "వీళ్ళ సంగతి పోలీసులకు ఎవరు చెప్పుంటారని మీరు అనుకుంటున్నారు? నిజంగా చెప్పిందెవరో ఇప్పటికీ గట్టిగా తేలలేదు."

అంతే, షెడ్డు దద్దరిల్లింది. పనివాడే అన్నారు. కాదు, కొట్టువాడే అన్నారు. డబ్బుకు కక్కుర్తిపడి పక్కింటివాళ్ళే అన్నారు.

"మీరు పట్నం లెక్క చెప్తన్నార్రా" అన్నాడు బుల్లయ్య తాత. "రెండేళ్ళు ఆగిందంటే ఆ ఊరోళ్ళు మంచోళ్ళ కింద లెక్క. మనూళ్ళో అయితే రెండు టీలు తాగేలోపు తెలిసిపోద్ది."

ఈసారి నవ్వు మధ్యలోనే ఆగిపోయింది. కరీమున్ లేచి నిలబడింది. కొంగు తల మీదికి లాక్కుని, ఎవరి మొహమూ చూడకుండా వరసలు దాటుకుంటూ బయటికి వెళ్ళింది. ప్రొజెక్టరు దగ్గర అలీ సాహెబ్ తల వంచుకుని అద్దం తుడుస్తూ ఉండిపోయాడు.

అందరూ వెళ్ళాక కుర్చీలు మడతపెట్టడానికి కోటేష్ ఒక్కడే ఆగాడు.

"బాగా చెప్పావు చెల్లెమ్మా. రెండో సినిమా ఎప్పుడు?"

"ఆదివారం అన్నా."

"మళ్ళీ వీళ్ళందరూ రావాలా?"

"వీళ్ళే రావాలి. ఒక్కరు తగ్గినా నా ప్రాజెక్టు చెల్లదు."

"అయితే పుల్లమ్మ పిన్ని కూడా రావాలిగా. ఆమెకి మోకాళ్ళ నొప్పులు. నేనే బండి మీద తీసుకొస్తాలే." కుర్చీలు గోడవారన పేర్చి, వాటి మీద దుమ్ము కూడా దులిపి వెళ్ళాడు. చెల్లెలు వెళ్ళిపోయిన బాధలో కూడా తన చదువుకు సాయం చేస్తున్నాడే అని శ్రీదివ్య అనుకుంది.

బుధవారం పొద్దున ఆమె పుల్లమ్మ ఇంటికి వెళ్ళింది. చూసినవాళ్ళను విడివిడిగా కూడా మాట్లాడించాలి. పుల్లమ్మ వంటగదిలో క్యారేజీ సర్దుతోంది. ఒక గిన్నెలో అన్నం, ఒక గిన్నెలో పప్పు, పైన గోంగూర పచ్చడి.

"కల్లానికా పిన్నీ?"

"ఆఁ. అక్కడ కుక్క ఈనింది. పిల్లలకి నాలుగు మెతుకులు."

మిరప కోతల రోజుల్లో క్యారేజీ పట్టుకుని కల్లానికి వెళ్ళని ఆడమనిషి ఉండదు. ఎండబెట్టిన కాయల దగ్గర రాత్రింబవళ్ళు మనిషి కాపలా ఉండాలి, ఆ మనిషికి అన్నం వెళ్ళాలి. పుల్లమ్మ ఆ అలవాటులోనే వెళ్తోంది. కాని పుల్లమ్మ కాయలు కోల్డ్ స్టోరేజీకి ఎప్పుడో వెళ్ళిపోయాయి. కల్లంలో రేకుల కొట్టం, అందులో రంగు పోయి అమ్ముడుపోని తాలు కాయల బస్తాలు తప్ప ఏమీ లేవు. తాలు కాయలకు ఎవరూ కాపలా కాయరు. కుక్కకు ఎవరూ పచ్చడి వేయరు.

శ్రీదివ్యకు ఇదంతా అప్పుడు తట్టలేదు. సినిమా ఎలా ఉందని అడిగింది.

"నేను ఆదివారం రాలేనే" అంది పుల్లమ్మ.

"అట్టా అనమాక పిన్నీ. మేడమ్ ఒప్పుకోదు."

"చూసిందాన్నే మళ్ళీ చూడాలా? ఆ పిల్ల రెండో దాంట్లో అయినా బతుకుద్దా?"

"లేదు పిన్నీ. ఎన్నిసార్లు తీసినా ఆ పిల్ల బతకదు."

పుల్లమ్మ క్యారేజీ కడ్డీ బిగించబోయి ఆగింది. "అదే చెప్పా. వినదుగా. నీ గొంతు కల్లం దాకా వినపడింది మొన్న. పిల్ల చచ్చిపోయిందని నువ్వు అన్నాక రాత్రంతా కూర్చునే ఉంది. రెండో సినిమాలో ఏమయిద్దో అడిగి రమ్మంది."

"ఎవరు పిన్నీ?"

పొయ్యి మీద పాలు పొంగాయి. పుల్లమ్మ దించలేదు. శ్రీదివ్యే దించింది. దించి, క్యారేజీ వైపు చూసింది. రెండు గిన్నెలూ నిండుగా ఉన్నాయి.

"నా తలుపు కొట్టింది" అంది పుల్లమ్మ. "తీశా. చిన్నప్పుడు నా ఒళ్ళో పడుకుని తలలో పేలు తీయించుకున్న పిల్ల. తీసిన తలుపు మళ్ళీ ఎట్టా వెయ్యను?"

"ఇషాక్ కూడానా?"

"వాడూ. బస్తాల వెనక పడుకుంటన్నారు. ఆ ఘాటుకి పిల్ల తడిగుడ్డ ముక్కుకి కట్టుకుని ఉంటంది పాపం. సోమవారం దాకానే. దాచేపల్లి సిమెంటు ఫ్యాక్టరీ కాడ వాడి స్నేహితుడు లారీ తోలతాడు. సోమవారం తెల్లారి హైవే మీద దాబా కాడ ఎక్కించుకుంటాడు. అటునుంచి అటే పోతారు."

శ్రీదివ్య పుస్తకం మూసేసింది. మొదటి సినిమాను బొమ్మ లేకుండా, మాట మాత్రమే విన్న ప్రేక్షకులు ఇద్దరున్నారు. వాళ్ళ పేర్లు ఆమె రాసుకోలేదు. రాసుకోనూ కూడదు.

"పిన్నీ, నువ్వు ఆదివారం రా. మొదటిదానికి వచ్చి దీనికి రాకపోతేనే అందరికీ అనుమానం. ఒక్క సాయంత్రమేగా" అంది. చదువుకున్న పిల్ల, ఆలోచించే చెబుతుంది అనుకుని పుల్లమ్మ తల ఊపింది.

కోటేష్ బండి మీద తీసుకొస్తానన్న మాట శ్రీదివ్యకు ఇంటికి వెళ్ళాక గుర్తొచ్చింది. ఏదో గుచ్చుకున్నట్టయింది. అయినా పెద్దావిడ మోకాళ్ళ నొప్పులు నిజమే కదా అని సర్దుకుంది. సర్దుకున్నా ఆ నాలుగు రోజులూ అన్నం సరిగ్గా తినలేదు. టీ కొట్టు ముందునుంచి వెళ్ళినప్పుడల్లా మాటలు ఆగినట్టు అనిపించేది. నిజంగా ఆగాయో, తనకే అలా అనిపించిందో తెలిసేది కాదు.

ఆదివారం సాయంత్రం గాలి లేదు. కోటేష్ అన్నమాట ప్రకారం పుల్లమ్మను బండి మీద తీసుకొచ్చి, చెయ్యి పట్టి దించి, ముందు వరసలో సరిగ్గా మధ్య కుర్చీలో కూర్చోబెట్టాడు. ఆమె లేస్తే షెడ్డంతటికీ కనపడుతుంది. తర్వాత వెనక వరసలోకి పోయి తన మనుషుల మధ్య కూర్చున్నాడు. అందరికీ సోడాలు తెప్పించాడు. కరీమున్ రాలేదు. ఆమె తప్ప అందరూ వచ్చారు.

రెండో సినిమా కొత్తది, రంగులది. దీని మాటలూ ఇంగ్లీషే, మైకులో తెలుగు చెప్పేదీ శ్రీదివ్యే. దాచినవాళ్ళ కథ ఇందులో ఎక్కువ. ఒకావిడ సంచిలో ఆలుగడ్డలు పెట్టుకుని, సైకిలు మీద వీధులన్నీ తిరిగి తిరిగి వస్తుంది. తిన్నగా వస్తే ఎవరైనా వెంబడిస్తారని.

"ఇప్పుడు బాగుంది" అన్నారు ఆడవాళ్ళు. పుల్లమ్మ మాత్రం చేతులు రెండూ ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది.

సినిమా సగానికి వచ్చింది. తెర మీద తెల్లటి పగటి దృశ్యం పడి షెడ్డంతా వెలుతురైంది. ఆ వెలుతురులో శ్రీదివ్య వెనక వరస చూసింది. కుర్చీలు ఖాళీగా ఉన్నాయి. వాటి కింద సోడాసీసాలున్నాయి. మనుషులు లేరు.

ఆమె కథ చెప్పడం ఆపేసింది. "కోటేషన్న ఏడి తాతా?" అని మైకు పక్కకు పెట్టి అడిగింది.

"కల్లాల వైపు పోయాడే. పుల్లమ్మ కుక్క ఈనిందంటగా, పిల్లల్ని చూసొస్తానని" అన్నాడు బుల్లయ్య తాత. "కుక్కపిల్లల కోసం కర్రలేసుకుని పొయ్యేవాళ్ళని ఇప్పుడే చూస్తన్నా."

ముందు వరసలో పుల్లమ్మ లేవబోయింది. "కూర్చో పిన్నీ, అడ్డం" అన్నారెవరో వెనక నుంచి. మోకాళ్ళు సహకరించలేదు. కూర్చుండిపోయింది. ఆమె మొహం తెర వైపు లేదు. శ్రీదివ్య వైపు ఉంది.

అప్పుడు అర్థమైంది శ్రీదివ్యకు. కోటేష్ ఆదివారం దాకా ఎందుకు ఆగాడో. పగలు కల్లాల్లో పక్క పొలాలవాళ్ళు తిరుగుతుంటారు. రాత్రి పుల్లమ్మ అక్కడే పడుకుంటోంది. ఆదివారం సాయంత్రం అయితే ఊరంతా ఒకే కప్పు కింద ఉంటుంది. కల్లాల వైపు చూసే కన్ను ఉండదు. అరిచినా వినే చెవి ఉండదు. ఆ ఏర్పాటు చేసింది తనే. ఇల్లిల్లూ తిరిగి, బతిమాలి, ఊరందర్నీ తెచ్చి కూర్చోబెట్టింది.

బండ్ల చప్పుడు వినపడలేదు. అంటే నడిచి వెళ్తున్నారు. నడిచి వెళ్తే కల్లానికి చేరి ఉండరు ఇంకా.

చేతిలో మైకు ఉంది. పైన గొట్టాలు పొలాల వైపు తిరిగి ఉన్నాయి.

తెర మీద ఆ కుటుంబం బల్ల చుట్టూ కూర్చుని భోంచేస్తోంది. ఎవరిదో పుట్టినరోజు. శ్రీదివ్య మైకు నోటి దగ్గరికి తెచ్చుకుంది.

"ఇప్పుడు... ఇప్పుడు మనుషులు వస్తున్నారు. వీళ్ళను పట్టుకోవటానికి వస్తున్నారు. ముందు బాట నుంచి వస్తున్నారు."

"ఎవరే వచ్చేది? కేకు కోస్తన్నారుగా" అన్నాడు బుల్లయ్య తాత.

"తింటున్న అన్నం వదిలెయ్యండి. దీపం ఆర్పెయ్యండి. వెనక వైపు రేకు లాగి బయటపడండి."

"ఆ దేశంలో కూడా రేకుల కొట్టాలేనా?" అని ఎవరో నవ్వారు.

"చెప్పులు వేసుకోవద్దు. చప్పుడవుతుంది. వెనక చేలో పత్తి కట్టెలో పడి పొండి. కాలవలో నీళ్ళు లేవు. కాలవలోకి దిగి వంగి నడవండి. ఆగొద్దు. బట్టలు తీసుకోవద్దు."

నవ్విన గొంతు మరి నవ్వలేదు. పత్తి కట్టె అన్న మాట దగ్గరే కొందరు తలలు తిప్పి ఒకళ్ళనొకళ్ళు చూసుకున్నారు. కాలవ అన్నాక ఇంకొందరు. సోడా తాగుతున్న వాడు సీసా దించాడు. ఒక తల్లి పిల్లాణ్ణి ఒళ్ళోకి లాక్కుంది. తెర మీద అందరూ పాట పాడుతున్నారు.

అలీ సాహెబ్ ప్రొజెక్టరు వెనక నుంచి ఆమె వైపు చూశాడు. కొడుకు ఎక్కడున్నాడో ఆయనకు ఆ క్షణం దాకా తెలియదు. యాంప్లిఫయరు మీదికి వంగి, సౌండు మీట చివరికంటా తిప్పాడు. గొట్టాలు కీచుమని అరిచాయి. ఆ తర్వాత ఆమె గొంతు ఊరు దాటి, కల్లాలు దాటి పొలాల మీద పరుచుకుంది.

"వస్తున్నారు. వెళ్ళిపోండి. వస్తున్నారు."

అదే మాట ఆయాసం వచ్చే దాకా చెప్పింది. చెప్పి ఆపింది. సినిమా దానంతటదే నడుస్తోంది. అర్థంకాని ఇంగ్లీషు మాటలు ఊరి మీద మోగుతున్నాయి. ఎవరూ కుర్చీలోంచి కదల్లేదు. ఇంటికి పోదామని ఎవరూ అనలేదు. ఏదో ఒకటి తెలిసేదాకా కూర్చోవాలన్నట్టు కూర్చున్నారు.

తెర మీద చలికాలం వచ్చి పోయింది. షెడ్డు వెనక తలుపు దగ్గర తుమ్ము వినపడింది. ఒకటి, వెంటనే ఇంకొకటి. కోటేష్ ఒక్కడే లోపలికి వచ్చాడు. కళ్ళు ఎర్రగా వాచి నీళ్ళు కారుతున్నాయి. చొక్కా నిండా, జుట్టు నిండా తాలు కాయల పొడి. బస్తాలన్నీ కుమ్మరించి వెతికినట్టున్నాడు. వాడి చేతిలో క్యారేజీ ఉంది.

వరసల మధ్య నుంచి ముందుకు నడిచాడు. దారిలో కూర్చున్నవాళ్ళు కాళ్ళు ముడుచుకున్నారు. క్యారేజీ తెచ్చి పుల్లమ్మ ఒళ్ళో పెట్టాడు.

"పిన్నీ, నీ కుక్క అన్నం సగంలో వదిలేసి పోయింది."

పుల్లమ్మ క్యారేజీ కడ్డీ తీసింది. మూత తీసి గిన్నెలోకి చూసింది. రెండో గిన్నె కూడా తీసి చూసింది. "సగమన్నా తిన్నారు" అంది, తనలో తను అనుకున్నట్టు.

కోటేష్ జేబులో ఫోను మోగింది. తీసి చెవి దగ్గర పెట్టుకున్నాడు. "కనపళ్ళా? కాలవంతా చూశారా? సరే, వదిలెయ్యండి. సింగరాయకొండ స్టేషన్ కాడికి పొండిరా అందరూ. రైలు తప్ప వాళ్ళకి దిక్కులేదు. తెల్లారేదాకా ప్లాట్‌ఫారం దిగొద్దు."

సింగరాయకొండ దక్షిణాన. దాచేపల్లి ఉత్తరాన. శ్రీదివ్య మొహంలో ఏదీ కనపడనివ్వకుండా తెర వైపు చూస్తూ నిలబడింది. పుల్లమ్మ వంచిన తల ఎత్తలేదు. క్యారేజీ కడ్డీ నెమ్మదిగా బిగించింది.

కోటేష్ ఫోను జేబులో పెట్టుకున్నాడు. ముందు వరసలో ఒకతన్ని చూశాడు. అతను లేచి తన కుర్చీ ఇచ్చాడు. కోటేష్ అందులో కూర్చుని, చొక్కా అంచుతో కళ్ళు తుడుచుకున్నాడు. తుడిస్తే మంట ఇంకా ఎక్కువవుతుందని ఆ ఊళ్ళో పుట్టినవాడికి తెలియక కాదు.

"ఆపావేం చెల్లెమ్మా? కానియ్యి" అన్నాడు మెల్లగా. "చెప్పిందెవరో ఇందులో అయినా చూపిస్తారా?"

"చూపించరు. ఇప్పటికీ తేలలేదు."

"ఆ ఊళ్ళో" అన్నాడు కోటేష్.

అలీ సాహెబ్ మెషీను కట్టేయడానికి చెయ్యి చాపాడు. శ్రీదివ్య వద్దని తల అడ్డంగా ఊపింది. సినిమా ఆగితే ఈ షెడ్డు ఖాళీ అవుతుంది. ఖాళీ అయితే రోడ్ల మీద మనుషులు, బండ్లు, లైట్లు. కాలవ దాటి హైవే చేరాలంటే ఆ ఇద్దరికీ ఇంకా చీకటి కావాలి, ఊరు ఇంకాసేపు ఇలాగే కూర్చుని ఉండాలి. అంతదాకా తన గొంతు వినపడుతూ ఉంటే వాళ్ళకు తెలుస్తుంది, ఇంకా ఎవరూ లేవలేదని. ఆ తర్వాత తన సంగతి. తన ఇంటి సంగతి. మిరప కౌలుకు చేస్తున్న నాన్న సంగతి. ఆ పొలం కోటేష్ వాళ్ళ పెదనాన్నది.

ఆమె మైకు పైకెత్తింది. తెర మీద పిల్ల కిటికీ పరదా కొంచెం పక్కకు జరిపి కిందికి చూస్తోంది. శ్రీదివ్య ఆ సంగతే చెప్పబోయి, జనం వైపు తిరిగింది.

బుల్లయ్య తాత, ఆడవాళ్ళు, సోడాసీసాలు పట్టుకున్న కుర్రాళ్ళు, ఇల్లిల్లూ తిరిగి తను పిలుచుకొచ్చిన మనుషులందరూ ఉన్నారు. కోటేష్ మనుషులు తప్ప ఎవరూ లేచి పోలేదు. వాళ్ళలో ఒక్కరూ తెర వైపు చూడటం లేదు. అందరూ ఆమెనే చూస్తున్నారు.

"ఆ పిల్ల ఇంకా కిటికీ దగ్గరే నిలబడి ఉంది" అని చెప్పడం మొదలుపెట్టింది.